చివరి చెట్లకు నీరందడం లేదా? పైపులో గాలి, ఇసుక, ఎరువు సంగతి ముందు చూడండి

అనంతపురం ప్రాంతంలో బోరు కింద చీనీ (బత్తాయి) తోట ఉన్నవారు, చివరి వరుసలకు డ్రిప్పు సరిగా పారకపోతే ముందుగా మోటారు హార్స్‌పవర్ పెంచాలని చూస్తారు. అది చాలావరకు వృథా ఖర్చే. ఉన్న పైపులోనే ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే ఘర్షణకు పోయే ఒత్తిడి సుమారు మూడున్నర రెట్లవుతుంది. పైగా ఆ పైపులో పారేది వట్టి నీరు కాదు. గాలి, ఇసుక, ఎరువు కూడా కలిసి పారుతుంటాయి.

సమస్య: నీరు ఆగి ఆగి, గాలి కక్కుతూ పడుతోంది.

స్టార్టర్ పెట్టెలోని ఆంపియర్ మీటరును కాసేపు గమనించండి. ముల్లు నిలవక ఊగుతుంటే, ఊట కన్నా మోటారు ఎక్కువ తోడుతున్నందువల్ల బోరులో నీటిమట్టం పంపు దాకా దిగి, గాలి అక్కడే కలుస్తోందని అనుకోవచ్చు. బోరు దగ్గరి గేటు వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ, ముల్లు నిలకడగా నిలిచిన చోట ఆపాలి. లోతు మిగిలి ఉంటే మోటారును ఇంకాస్త దించవచ్చు గానీ అడుగు బురదకు ఆనించకూడదు. ముల్లు నిలకడగానే ఉండి బుడగలు మాత్రం వస్తుంటే, కేసింగుకు చెవి ఆనించి వినండి. రాతి బోర్లలో పై ఊట నీరు ధారగా కిందికి పడుతూ గాలిని వెంట తీసుకుపోతుంది. ఆ చప్పుడు పైకి వినిపిస్తుంది. అలాంటి నీటిని నేరుగా డ్రిప్పుకు కట్టకుండా, తొట్టిలో పోసి, గాలి విడిపోయాక వేరే మోటారుతో పంపడం మేలు.

సమస్య: బోరు దగ్గర ఒత్తిడి బాగుంది, మిట్ట దాటాక లేదు.

గాలి తేలిక కాబట్టి పైపు మిట్టెక్కిన చోట చేరి కూర్చుంటుంది. నీటికి పైపు కింది భాగం మాత్రమే మిగులుతుంది. కరెంటు పోయినప్పుడల్లా నీరు పల్లానికి జారి పైపు మళ్లీ గాలితో నిండుతుంది. మిట్ట మీద, గాలిని బయటికి వదిలే ఎయిర్ వాల్వు బిగించడమే దీనికి మందు. వాల్వు ఉన్నా ఫలితం లేకపోతే విప్పి చూడండి, లోపలి బంతి ఉప్పు పట్టి అతుక్కుపోయి ఉండవచ్చు. మోటారు వేసినప్పుడు గేటు వాల్వును పావు వంతే తెరిచి పైపును నెమ్మదిగా నింపాలి. ఎరువు డ్రమ్ము ఖాళీ అయ్యాక, ఎరువును పీల్చి పైపులో కలిపే వెంచురి గొట్టం మూయకపోతే అది కూడా గాలినే పీలుస్తుంది. ఈ దారిని చాలామంది పట్టించుకోరు.

సమస్య: రోజురోజుకూ ధార సన్నగిల్లుతోంది.

ఫిల్టరుకు ముందూ వెనకా ఉన్న ఒత్తిడి గేజీల మధ్య తేడా 0.5 కిలోలు (చదరపు సెంటీమీటరుకు) దాటితే జాలీ కడగాలి. ఇసుక ఎక్కువగా వచ్చే బోరుకు జాలీ ఫిల్టరు ముందు, నీటిని సుడి తిప్పి ఇసుకను వేరుచేసే హైడ్రోసైక్లోన్ తప్పనిసరి. జాలీ శుభ్రంగానే ఉంటే ఎరువును అనుమానించండి: కాల్షియం నైట్రేటు, ఫాస్ఫేటు ఎరువు కలిస్తే తెల్లని మడ్డి పేరుకుంటుంది. వేయబోయే ఎరువులను ముందుగా గాజు సీసాలో బోరు నీటితో కలిపి రెండు గంటలు ఉంచండి. పాలలా తెల్లబడితే ఆ కలయికను పైపులోకి వదలకండి.

ఇవన్నీ సరిచేశాక కూడా నీరు చాలకపోతే అప్పుడు పైపు సైజు చూడాలి. 20 లీటర్ల బకెట్టు 5 సెకన్లలో నిండే బోరుకు 63 మి.మీ. పైపులో నీటి వేగం సెకనుకు ఒకటిన్నర మీటర్లుంటుంది; 75 మి.మీ. వేస్తే మీటరుకు దిగుతుంది, ఘర్షణ నష్టం సగానికన్నా తగ్గుతుంది. అదే బకెట్టు నిండడానికి 10 సెకన్లు పట్టే బోరుకు మాత్రం 75 వేయకండి, వేగం అర మీటరుకు పడిపోయి ఇసుక పైపులోనే పేరుకుంటుంది.