జారే కానొపీ ఫ్రేమును సొంత విమానానికి ఎలా అమర్చాలి?

కానొపీకి, అంటే విమానంలో కూర్చునేవారి తల మీద పట్టాల వెంట వెనక్కి జారే పారదర్శకమైన మూతకు, బీట పడిందంటూ వచ్చేవారు ముందు యాక్రిలిక్‌ను, అంటే ఆ మూత చేసిన ప్లాస్టిక్‌ను తిడతారు, తరువాత డ్రిల్లును తిడతారు. అసలు దోషి ఆ రెండింటి కింద మౌనంగా కూర్చుని ఉంటుంది. ఉక్కు గొట్టాలను వెల్డింగ్ చేసి తయారుచేసిన ఆ ఫ్రేము సరిగ్గా కూర్చోకపోతే, పైన కూర్చునే యాక్రిలిక్ బుడగను ఎంత ఓపికగా కోసినా దండగే. నా చేతుల మీదుగా నాలుగు ఫ్రేములు అమరాయి. ఇతరులు చెడగొట్టినవాటిని బాగుచేసిన లెక్క అంతకంటే ఎక్కువ. అందుకే మాటల్లో కాస్త విసుగు కనిపిస్తే మన్నించండి.

కావలసినవి

రసమట్టం, తూకపు గుండు, దారం, కొలత టేపు, నాలుగు క్లాంపులు, చెక్క దిమ్మెలు, వంగే సన్నని అల్యూమినియం పట్టీ, సాయానికి ఇంకొక మనిషి. ఇంతే. యాక్రిలిక్‌ను మాత్రం ఇప్పుడే పెట్టెలోంచి తీయవద్దు. మూత తెరిచి అందినచోటల్లా దాని మందం కొలిచి, ఆ అంకెలను గోడ మీద రాసి, మూత మూసేయండి. అది వేడి చేసి సాగదీసిన బుడగ కాబట్టి మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

సులువైన పనులు

విమానాన్ని నిలువునా అడ్డంగా మట్టం చేయండి. రోల్ బార్‌ను, అంటే విమానం తిరగబడితే తలలను కాపాడే వంపు గొట్టాన్ని, నిటారుగా నిలిపి బోల్టులు బిగించండి. ఇక ముందు ప్రతి కొలతకూ అదే ఆధారం కాబట్టి దాన్ని తాత్కాలికంగా నిలబెట్టి పని మొదలుపెట్టకూడదు. తరువాత కానొపీ జారే పక్క పట్టాలు రెండింటినీ క్లాంపులతో పట్టించి, వాటి మధ్య దూరాన్ని ముందు, మధ్య, వెనుక కొలవండి. మూడు చోట్లా ఒకే అంకె రావాలి. వెనుక వెన్నుపట్టాకు రోల్ బార్ నడిమి నుంచి తోక నిలువు రెక్క నడిమి వరకు దారం లాగి గీత గీయండి. ఒక్కో పట్టాకు రెండేసి రంధ్రాలు చాలు. మిగతావన్నీ చివర్లోనే వేయాలి. రంధ్రాలన్నీ ముందే వేసేసి తరువాత తల పట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

ఇక్కడ ఒక పక్క మాట. ముందుకు ఎత్తే కానొపీయే మేలని వాదించేవారు ఉన్నారు. ఆర్‌వి-7, ఆర్‌వి-9 లాంటి సొంతంగా కట్టుకునే విమానాల కిట్లను రెండు రకాలుగానూ కట్టుకోవచ్చు. ఎత్తే రకంలో రోల్ బార్ వెనక్కి పోతుంది కాబట్టి ఎదుట చూపుకు అడ్డు ఉండదన్నది నిజమే. కానీ ఎండలో రన్‌వే వైపు నడుపుకుంటూ వెళ్ళేటప్పుడు కానొపీని వెనక్కి జరుపుకుని గాలి పీల్చిన మనిషి మళ్ళీ ఎత్తే రకం జోలికి పోడు. నా మట్టుకు జారేదే కానొపీ.

ఫ్రేమును వంచడం

అందరూ తప్పేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

వెల్డింగ్ వేడికి ప్రతి ఫ్రేమూ ఎంతోకొంత మెలి తిరుగుతుంది. మీది తిరగలేదని అనుకోవద్దు. సమతలమైన బల్ల మీద పెట్టి ఏ మూల గాలిలో తేలుతోందో చూడండి. ముందు ఆ మెలి తీయాలి. మెలి ఉండగానే ఎత్తూ వెడల్పూ సరిచేస్తే ఆ పని మొత్తం మళ్ళీ చేయాల్సి వస్తుంది.

తరువాత ఫ్రేమును పట్టాల మీద కూర్చోబెట్టండి. క్లాంపులు వద్దు, తాడు వద్దు, పైన చేయి కూడా వద్దు. అది తనంతట తాను ఎలా కూర్చుంటుందో అదే దాని నిజరూపం. ఇప్పుడు మూడు విషయాలు చూడాలి. ఫ్రేము ముందు కమాను, రోల్ బార్ రెండూ ఒకే ఎత్తులో, ఒకే వంపుతో ఉండాలి. ఒకే బుడగను రెండుగా కోసి ఒక ముక్కను ముందు అద్దంగా, రెండో ముక్కను కానొపీగా వాడతాం కదా. రెండోది, పక్క గొట్టాల బయటి అంచు విమానం బయటి రేకు కంటే యాక్రిలిక్ మందమంత లోపలికి ఉండాలి. అలా లేకపోతే కానొపీ పక్కలు ఉబ్బుగానో గుంటగానో కనిపిస్తాయి. మూడోది, వెన్ను గొట్టం దారం గీత మీదే ఉండాలి.

మొదటిదాన్ని కంటితో తేల్చలేరు. అల్యూమినియం పట్టీని రోల్ బార్ మీద నుంచి కమాను మీదుగా వెనక్కి పరచండి. నడినెత్తిన ఒకసారి, ఇరుపక్కలా మూడేసి చోట్ల ఇలా చూడండి. కమానుకూ పట్టీకీ మధ్య వెలుతురు కనిపిస్తే కమాను అక్కడ తక్కువ. పట్టీ కమాను మీద మాత్రమే ఆని రోల్ బార్ దగ్గర లేస్తే కమాను ఎక్కువ. ఈ రెండూ సమానమైన తప్పులు కావు. ఒక మిల్లీమీటరు తక్కువైతే తరువాత సన్నని పలక పెట్టి నింపవచ్చు. అదే ఎక్కువైతే ఆ ఒక్క బిందువు మీదే యాక్రిలిక్ బరువంతా ఆనుతుంది, బీట అక్కడే పుడుతుంది. అనుమానం వచ్చిన ప్రతిసారీ తక్కువ వైపే మొగ్గండి.

ఇక వంచడం. గొట్టాన్ని మంటతో వేడి చేయవద్దు, సుత్తితో కొట్టవద్దు, వెల్డింగ్ అతుకుల దగ్గర వంచవద్దు. ఒక దిమ్మెను ఊతగా పెట్టి చేతి బలంతో, నిదానంగా నొక్కాలి. కమాను నెత్తిన నొక్కితే అడుగున కాళ్ళు విచ్చుకుంటాయి. కాళ్ళను దగ్గరికి తెస్తే నెత్తి పైకి లేస్తుంది. ఈ సంబంధం తెలియకపోతే ఒకటి సరిచేసి ఇంకొకటి పాడుచేస్తూ రోజంతా గడిపేస్తారు. ఉక్కు కుక్కతోక లాంటిది, వదలగానే మొదటికి వస్తుంది. కాబట్టి కావలసిన దానికంటే ఎక్కువే వంచాలి. ఎంత ఎక్కువ అన్నది గొట్టమే చెబుతుంది. మొదటిసారి కొంచెం నొక్కి వదిలి కొలవండి, కదలకపోతే ఇంకొంచెం. తొందరపడి ఒక్కసారిగా నొక్కితే గొట్టం నొక్కుకుపోతుంది, ఆ నొక్కు మళ్ళీ పోదు. సుద్దముక్కతో ప్రతి మార్పునూ గొట్టం మీదే రాసుకోండి. నాకు ఒక్కో ఫ్రేముకు మూడు రోజులు పడుతుంది. సాయంత్రానికల్లా అయిపోయిందని ఎవరైనా చెబితే ఆ విమానం ఎక్కకండి.

క్లాంపు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నా రెండో ఫ్రేములో ఎడమ వైపు 4 మిల్లీమీటర్లు బయటికి ఉండిపోయింది. విసుగెత్తి క్లాంపుతో లోపలికి లాగి, యాక్రిలిక్ స్క్రూలే పట్టుకుంటాయిలే అనుకున్నాను. మొదటి చలి ఉదయాన స్క్రూ రంధ్రం నుంచి అరచేయంత బీట! అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఫ్రేము తన బిగువంతా యాక్రిలిక్ మీద తీర్చుకుంది. ఉష్ణోగ్రత మారితే యాక్రిలిక్ ఉక్కు కంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువగా సాగుతుంది, కుంచించుకుంటుంది. 1.2 మీటర్ల పొడవున 40 డిగ్రీల తేడాకు అది సుమారు 3.4 మిల్లీమీటర్లు కదిలితే, ఉక్కు 0.6 దగ్గర ఆగిపోతుంది. స్క్రూ కంటే రంధ్రం పెద్దదిగా వేయమనేది ఇందుకే. అసలే ఇంత సతమతమయ్యే వస్తువు మీద ఫ్రేము బిగువు కూడా మోపకూడదు.

వంచడం అయిందో లేదో తెలుసుకోవడానికి నా పరీక్ష ఒక్కటే. ఫ్రేమును పూర్తిగా ఎత్తి పక్కన పెట్టి, మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టండి. రోలర్లు, అంటే ఫ్రేము జారడానికి దాని అడుగున ఉండే చిన్న చక్రాలు, వేళ్ళతోనే పట్టాల్లో పడాలి. మోకాలితో నొక్కితే గానీ పడకపోతే, ఆ మోకాలి బలాన్ని రేపటి నుంచి యాక్రిలిక్ మోయాలి. వెనక్కీ ముందుకూ ఇరవైసార్లు జరిపి, రాత్రంతా వదిలేసి, పొద్దున మళ్ళీ పట్టీతో కొలవండి.

గొళ్ళెం, వెనుక పిన్నులు

ఎగురుతున్నప్పుడు వంపు మీదుగా పరుగెత్తే గాలి కానొపీని పైకి లాగుతుంది. ముందు గొళ్ళెం దాన్ని ఒక్కచోటే పట్టుకుంటుంది, వెనుక భాగాన్ని పట్టి ఉంచేవి పిన్నులే. కానొపీ మూసేటప్పుడు చివరి రెండు మూడు సెంటీమీటర్లలో అవి తమకోసం బిగించిన రంధ్రాల దిమ్మెల్లోకి నేరుగా దూరాలి, ఫ్రేమును పక్కకు నెట్టకూడదు. దిమ్మెలను ఫ్రేముకు తగ్గట్టు జరపండి గానీ, ఫ్రేమును దిమ్మెలకు తగ్గట్టు లాగవద్దు. పట్టాల మిగతా రంధ్రాలు, గొళ్ళెం రంధ్రం అన్నీ దీని తరువాతే.

ఇప్పుడు ఫ్రేమును విప్పి, జిడ్డు కడిగి, ప్రైమరు, రంగు వేయండి. ఆరాక రోలర్లు పెట్టి చూస్తే అవి బిగుసుకుని ఉంటాయి. కంగారు పడవద్దు, అది రంగు మందమే. ఇరుసు రంధ్రాల లోపలి రంగును గీకేసి, పట్టీతో చివరిసారి కొలవండి. గదిలో వెచ్చదనం 25 డిగ్రీలు దాటిన రోజు చూసుకుని యాక్రిలిక్ పెట్టె మూత తీయండి.