ఆఫ్‌సైడ్ 50 పెన్స్ నాణెం కొనే ముందు జాగ్రత్తలు

2012 లండన్ ఒలింపిక్స్ కోసం బ్రిటన్ నాణేల ముద్రణశాల రాయల్ మింట్ తెచ్చిన 29 రకాల 50 పెన్స్ నాణేల్లో అతి తక్కువగా చలామణీలోకి వచ్చింది ఫుట్‌బాల్‌దే: 11,25,500. బంతి అందుకునే ఆటగాడు ఎక్కడ ఉండకూడదో చెప్పే ఆఫ్‌సైడ్ నిబంధనను బొమ్మ గీసి చూపించే ఆ నాణెం నాకెంతో ఇష్టం. డబ్బు కట్టే ముందు మాత్రం ఇవి చూసుకోండి.

- నాణెం మీద సంవత్సరం 2011 అని ఉంటుంది. 2012 లేదని కంగారు పడకండి.

- తూకం వేయండి. 8 గ్రాములు, వెడల్పు 27.3 మిల్లీమీటర్లు రావాలి. రాగి, నికెల్ మిశ్రమం కాబట్టి అయస్కాంతానికి అంటుకుంటే వదిలేయండి.

- అమ్మేవాళ్లు అడిగే రేటు కాదు, నిజంగా అమ్ముడుపోయిన రేట్లు చూడండి. అడగడానికి ఎంతైనా అడుగుతారు.

- నాణేన్ని ఏటవాలు వెలుతురులో తిప్పి చూడండి. తోమిన నాణెం మీద ఒకే దిక్కుకు సాగిన సన్నటి గీతలు మెరుస్తాయి, విలువ అక్కడే పడిపోతుంది. కొన్నాక మీరూ తోమకండి, అంచులే పట్టుకోండి.

- ఇదే వరుసలోని ఈత నాణెం కొంటుంటే ఇంకో జాగ్రత్త: అందులో ఈతగాడి ముఖం మీదుగా నీటి గీతలున్న తొలి రకం చాలా అరుదు. మామూలుదాన్ని ఆ పేరుతో అంటగడతారు. ముఖాన్ని భూతద్దంలో చూశాకే బేరం.