విరగని క్రీమ్ తయారీ: నూనెను, నీటిని ఒకేచోట నిలిపే కూర్పు

పచ్చిపాలను కదపకుండా ఉంచితే కొవ్వు పైకి తేలి పొరగా చేరుతుంది. దాన్ని గరిటెతో కలిపితే తిరిగి పాలలో కలిసిపోతుంది. అదే మీగడను కవ్వంతో చిలికితే కొవ్వు బిందువుల చుట్టూ ఉన్న పలుచని పొర చిరిగి, బిందువులు ఒకదానిలో ఒకటి కలిసి వెన్న కడుతుంది, ఇక ఎంత కలిపినా పాలు తిరిగి రావు. చర్మానికి రాసుకునే తేమ క్రీములు చాలావరకు పాలలాగే నీటిలో నూనె బిందువులు తేలే ఎమల్షన్లు. వాటిని తయారుచేసేవారు మొదటి రకం మార్పును ఆలస్యం చేయాలి, రెండో రకం మార్పును అసలు రానివ్వకూడదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు ఎమల్సిఫయర్‌ను నూనెను పట్టి ఉంచే జిగురుగా, గ్లిజరిన్‌ను తేమనిచ్చే పదార్థంగా వేరువేరుగా చూస్తారు. నా అనుభవంలో మంచి క్రీమ్‌లో ఈ రెండు పనులూ కలిసే జరుగుతాయి. సీటియరైల్ ఆల్కహాల్ (సీటైల్, స్టీరైల్ ఆల్కహాల్‌ల మిశ్రమం) వంటి కొవ్వు ఆల్కహాల్, సీటియరెత్-20 వంటి నీటిని ఇష్టపడే ఎమల్సిఫయర్‌తో కలిసినప్పుడు బిందువుల చుట్టూనే కాక, వాటి మధ్య ఉన్న నీటిలో కూడా పొరలు పొరలుగా అమరుతుంది. ఆ పొరల సందుల్లో నీరు చిక్కుకుని ఉంటుంది కాబట్టి క్రీమ్‌కు చిక్కదనం వస్తుంది, బిందువులు కదలలేవు, చర్మం మీద రాసిన తర్వాత నీరు ఒక్కసారిగా ఆరిపోదు. అందువల్ల చిక్కదనం కోసం గమ్ శాతాన్ని పెంచుకుంటూ పోవడం కంటే ఈ జంటను సరిగా ఎంచుకోవడం మీద శ్రమ పెట్టడం మేలు.

ఎంపికకు తొలి ఆధారం హెచ్‌ఎల్‌బీ సంఖ్య. 1949లో విలియం గ్రిఫిన్ ప్రతిపాదించిన ఈ కొలమానం, అయాన్లు లేని ఎమల్సిఫయర్ నీటివైపు ఎంత మొగ్గుతుందో 0 నుంచి 20 వరకు అంకెల్లో చెబుతుంది. నీటివైపు మొగ్గే ఎమల్సిఫయర్ ట్వీన్ 80కి ఇది 15, నూనెవైపు మొగ్గే స్పాన్ 80కి 4.3. మీ నూనె మిశ్రమానికి 10 అవసరమైతే, ట్వీన్ 53 పాళ్లు, స్పాన్ 47 పాళ్లు కలిపితే ఆ అంకెకు దగ్గరగా వస్తారు. అయితే ఈ సంఖ్య ఏ రకం ఎమల్సిఫయర్ కావాలో చూపుతుంది గాని, ఎంత వేయాలో, పొరల నిర్మాణం ఏర్పడుతుందో లేదో చెప్పదు. దాన్ని ఆరంభంగా తీసుకుని, ఆపై చిన్న బ్యాచ్‌లతో తేల్చుకోవాలి.

నేను పరీక్షకు మొదలుపెట్టే 100 గ్రాముల కూర్పు ఇది. నూనె భాగంలో శుద్ధిచేసిన నువ్వుల నూనె 10 గ్రాములు, సీటియరైల్ ఆల్కహాల్ 3.5, సీటియరెత్-20 1.5, విటమిన్ ఇ 0.2. నీటి భాగంలో డిస్టిల్డ్ వాటర్ 78.6, గ్లిజరిన్ 5, శాంథాన్ గమ్ 0.2, లోహ అయాన్లను పట్టి ఉంచే డైసోడియం ఈడీటీఏ 0.1. చివర ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిసిన ప్రిజర్వేటివ్ 0.9. గానుగ నూనె మనకు సులువుగా దొరుకుతుంది గాని, దాని వాసన, రంగు, ఫ్యాటీ ఆమ్లాల శాతం ప్రతి డబ్బాకూ మారుతుంటాయి కనుక కూర్పు కుదిరేవరకు శుద్ధిచేసిన నూనెనే వాడండి. నువ్వులు కొందరికి పడవు. ఆ సంగతి లేబుల్ మీద స్పష్టంగా ఉండాలి. గ్లిజరిన్‌ను 10 శాతం దాటిస్తే జిడ్డుజిడ్డుగా అంటుకుంటుంది.

ముందుగా శాంథాన్ గమ్‌ను గ్లిజరిన్‌లో వేసి, పొడి గింజ ఒక్కటి కూడా కనబడకుండా పల్చని పేస్టులా తడపాలి. నేరుగా నీళ్లలో చల్లితే పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడతాయి, అవి తర్వాత విడిపోవు. ఈ పేస్టును, ఈడీటీఏను నీటిలో కలిపి 75 డిగ్రీలకు వేడిచేయాలి. నూనె భాగాన్ని వేరే పాత్రలో అదే వేడికి తెచ్చి, పలుకులన్నీ పూర్తిగా కరిగాయని చూసుకోవాలి. నీటి పాత్రను వేడికి ముందు, తర్వాత తూచి, ఆవిరైన మేరకు వేడినీళ్లు తిరిగి పోయాలి. ఈ ఒక్క పని మానేసినందుకే చాలామందికి ప్రతి బ్యాచ్ చిక్కదనం వేరుగా వస్తుంది. తర్వాత నూనెను నీటిలో సన్నని ధారగా పోస్తూ, బిందువులను చిన్నగా విడగొట్టే యంత్రం హోమోజినైజర్ తలను ద్రవంలో పూర్తిగా ముంచి మూడు నుంచి ఐదు నిమిషాలు నడపాలి. బిందువు వ్యాసం సగానికి తగ్గితే అది పైకి తేలే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది గనుక ఈ నిమిషాలు విలువైనవి. ఆ తర్వాత మాత్రం హోమోజినైజర్‌ను ఆపి, మెల్లగా కలుపుతూ చల్లారనివ్వాలి. వేడి 50 డిగ్రీల దిగువకు వచ్చేటప్పుడు పొరల నిర్మాణం గట్టిపడుతుంది. అప్పుడు బలంగా చిలికితే కట్టుకుంటున్న గోడను కూలదోసినట్టే. 40 డిగ్రీల వద్ద ప్రిజర్వేటివ్ వేసి, పీహెచ్‌ను 5.5 దగ్గరికి సర్దాలి. క్రీమ్ చిక్కదనాన్ని ఆ రోజే తేల్చకండి, అది పూర్తిగా నిలవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఒకసారి సీటియరైల్ అయిపోతే, పేర్లు దగ్గరగా ఉన్నాయి కదా అని స్వచ్ఛమైన సీటైల్ ఆల్కహాల్ వేశాను. మొదటి రోజు క్రీమ్ ముద్దగా, తెల్లగా, చూడముచ్చటగా ఉంది. మూడు వారాలకు సీసా తీస్తే ముత్యంలా మెరుస్తూ పలచబడింది, చెంచా వంచితే జారిపోయింది. సీటైల్, స్టీరైల్ రెండూ కలిసి ఉన్నప్పుడు పొరలు వాపు నిలుపుకుంటాయి. ఒకే గొలుసు పొడవున్నవి మెల్లగా స్ఫటికాలుగా మారి నీటిని వదిలేస్తాయి. అప్పటినుంచి ముడిసరుకు మారిన ప్రతిసారీ పేరును మాత్రమే కాక సరఫరాదారు ఇచ్చిన విశ్లేషణ పత్రాన్ని కూడా చదువుతున్నాను.

చిక్కదనం కోసం గమ్‌కు బదులు కార్బోమర్ అనే జెల్ పొడిని వాడేవారు ఇంకో విషయం గమనించాలి. సోడియం పీసీఏ, సోడియం లాక్టేట్ తేమనిచ్చే మంచి పదార్థాలే అయినా అవి లవణాలు. వాటిని చేర్చితే కార్బోమర్ జెల్ నీళ్లలా పలచబడుతుంది. శాంథాన్ వాటిని చాలావరకు తట్టుకుంటుంది.

నిలకడను కంటితో కాదు, పరీక్షతో నిర్ణయించాలి. మరునాడు ఒక చుక్కను స్లైడ్ మీద మైక్రోస్కోప్‌లో చూసి బిందువుల పరిమాణం రాసుకోండి, నెలకు మళ్లీ చూడండి. పెద్ద బిందువులు పెరిగితే చిరుగు మొదలైనట్టే. సెంట్రిఫ్యూజ్‌లో 3000 ఆర్‌పీఎం వద్ద అరగంట తిప్పితే బలహీనమైన కూర్పులు త్వరగా బయటపడతాయి. కొన్ని సీసాలను 40, 45 డిగ్రీల వద్ద మూడు నెలలు ఉంచాలి. మే నెలలో రామగుండంలో, రెంటచింతలలో పార్శిల్ వ్యానులోని పెట్టె ఎంత వేడెక్కుతుందో తెలిసినవారికి ఈ వేడి కృత్రిమంగా అనిపించదు. చలి దేశాల్లోని బంధువులకు పంపే సరుకైతే గడ్డకట్టించి కరిగించే చక్రాలు కూడా కనీసం మూడు చేయాలి. ప్రతిసారీ వాసన, రంగు, పీహెచ్, చిక్కదనం ఒకే పట్టికలో నమోదుచేయాలి.

నీరు ఎక్కువగా ఉన్న క్రీమ్‌లో సూక్ష్మజీవులు కంటికి కనబడకముందే పెరుగుతాయి కనుక ప్రిజర్వేటివ్ పనిచేస్తుందో లేదో ప్రయోగశాలలో చాలెంజ్ టెస్ట్ (క్రీమ్‌లో కావాలని సూక్ష్మజీవులను వేసి, అవి చస్తున్నాయో లేదో చూసే పరీక్ష) ద్వారానే తేల్చుకోవాలి. ఫినాక్సీఇథనాల్‌కు యూరప్‌లో 1 శాతం పరిమితి ఉంది, దాన్ని మీరూ దాటకండి. అమ్మకానికి తయారుచేసేవారికి కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి అనుమతి అవసరం. ప్రతి బ్యాచ్ నుంచి రెండు సీసాలను తేదీ రాసి, గడువు ముగిసేవరకు పక్కన ఉంచండి. వాడినవారు ఫిర్యాదు చేసిన రోజున ముందుగా తీసి చూడవలసినవి అవే.