గాలపు పాఠాలు – 4: నీటిని చూసి ఎర రంగు

కిందటి పాఠంలో కృత్రిమ ఎరను కావలసిన లోతుకు దించడం నేర్చుకున్నాం. ఆ లోతులో ఎర చేపకు ఎలా కనిపిస్తుందో ఈసారి చూద్దాం.

ముందు నీటి తేటదనం కొలవండి. ఎండ పడని వైపు నుంచి తెల్లని ఎరను నెమ్మదిగా దించుతూ, అది కంటికి కనబడకుండా పోయిన చోట దారం మీద గుర్తు పెట్టండి. 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి తెల్లని బిల్లతో సముద్రాన్ని ఇలాగే కొలిచారు. నీటి పరిశోధకులు నేటికీ ఆ పద్ధతిని వాడుతున్నారు.

తేట నీరు ఎరుపును అన్నిటికన్నా ముందు మింగేస్తుంది. కొన్ని మీటర్లు దిగేసరికి ఎర్రని ఎర మసకబారి, ఇంకా లోతున దాదాపు నల్లగా కనిపిస్తుంది. తరువాత నారింజ, పసుపు వంతు. నీలం చాలా లోతు దాకా నిలుస్తుంది. ఇలాంటి నీటిలో చేప దూరం నుంచే ఎరను పరిశీలించగలదు కాబట్టి చిన్న చేపలను పోలిన వెండి, తెలుపు, లేత ఆకుపచ్చ నప్పుతాయి. అయితే వెండి తళుక్కుమనాలంటే ఎండ ఉండాలి. మబ్బు పట్టిన రోజు తెలుపే మేలని నా అభిప్రాయం.

కుళ్లిన ఆకుల సారం దిగి టీ డికాక్షన్ రంగుకు మారిన నీటిలో లెక్క తారుమారవుతుంది. అక్కడ మొదట పోయేది నీలం. అందుకే రాగి, బంగారు, నారింజ రంగులు పెట్టండి. ఈ ఒక్క తేడా తెలియక చాలామంది అన్ని నీళ్లకూ ఒకే ఎర వాడుతూ విసిగిపోతారు.

బురద నీటిలో రంగు ఛాయల గురించి మథనపడకండి. నలుపు గానీ, ఫ్లోరసెంట్ పసుపు గానీ చాలు. ఫ్లోరసెంట్ పూత నీలం, అతినీలలోహిత కాంతిని పీల్చుకుని తన రంగులో తిరిగి వెదజల్లుతుంది. మామూలు రంగు వెలసిపోయే లోతులోనూ అది వెలిగేది అందుకే. ఇక్కడ ఎర పుట్టించే కదలిక కూడా ముఖ్యం, దాన్ని చేప పార్శ్వరేఖతో, అంటే ఒంటి పక్కల వెంట ఉండి నీటి కదలికను పట్టే అవయవంతో, పసిగడుతుంది.

చేప కన్నునూ లెక్కలోకి తీసుకోవాలి. ఉదాహరణకు ఉత్తర అమెరికా మంచినీటి చేప లార్జ్‌మౌత్ బాస్ కంటిలో రంగును గుర్తించే శంకు కణాలు రెండే రకాలు: ఒకటి ఎరుపుకు, ఒకటి ఆకుపచ్చకు. ముదురు నీలాన్నీ నలుపునూ అది సులువుగా వేరు చేయలేదు. దానికోసమైతే ఆ రెండూ మోసుకెళ్లడం అనవసరం.

చీకటి పడ్డాక రంగు చూసే కణాలు పక్కకు తప్పుకుంటాయి. చేప కింద నుంచి పైకి చూస్తే ఆకాశం కాస్త వెలుగుగానే ఉంటుంది. దాని మీద నల్లని ఎర ఆకారం స్పష్టంగా తెలుస్తుంది.

అభ్యాసం: ఒకే ఆకారం, ఒకే బరువు ఉన్న ఎరలు తెలుపు, నలుపు, ఫ్లోరసెంట్ పసుపు రంగుల్లో తీసుకోండి. ఒకే చోట మార్చి మార్చి విసురుతూ తేటదనం, ఎండ, లోతు, చేప తాకిన రంగు రాసుకోండి. ఆ పట్టికను దగ్గర పెట్టుకోండి, ఎరను లాగే వేగం గురించిన అయిదో పాఠంలో దానితో పని ఉంది.