తరగతి పునశ్చరణకు ఏ క్విజ్ యాప్: ఫోన్ల లెక్క నుంచి మర్నాటి పాఠం దాకా

క్విజ్ యాప్ ఎంచుకునేటప్పుడు చాలామంది కన్ను ముందు రంగుల మీద, పాటల మీద, లీడర్‌బోర్డు మీద పడుతుంది. నిజానికి చూసుకోవాల్సినవి రెండు. పిల్లల చేతికి ఎన్ని ఫోన్లు, ట్యాబ్‌లు వస్తాయన్నది ఒకటి. వచ్చిన జవాబులు చూసి మర్నాడు మీరు పాఠంలో ఏం మారుస్తారన్నది రెండోది. మొదటిదాన్నిబట్టి యాప్ తేలుతుంది, రెండోదాన్నిబట్టి ప్రశ్నలు తేలతాయి. ప్రశ్నలు సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన యాప్ తెచ్చినా అది ఆటవిడుపు పీరియడే.

తెర ఉంది, పిల్లల చేతిలో ఏమీ లేదు

గోదావరి జిల్లాల ప్రభుత్వ బడుల్లో ఎక్కువగా కనిపించే పరిస్థితి ఇదే. గోడకు ప్యానెలో టీవీయో ఉంటుంది, టీచరు దగ్గర ఒక ఫోను ఉంటుంది, అంతే. ఇలాంటి తరగతికి ప్లికర్స్ అనే యాప్‌ను మించింది లేదు. ప్రతి పిల్లాడికీ ఒక అంకె ఉన్న కాగితపు కార్డు ఇస్తారు. దాని మీద నలుపు గడుల బొమ్మ, నాలుగు అంచుల్లో చిన్నగా ఎ, బి, సి, డి అక్షరాలు ఉంటాయి. తాను అనుకున్న జవాబు అక్షరం పైకి వచ్చేలా పిల్లాడు కార్డు తిప్పి పట్టుకుంటే, మీరు ఫోను కెమెరాను తరగతి మీదుగా ఒకసారి తిప్పుతారు. ఎవరు ఏ జవాబు ఎంచుకున్నారో నమోదైపోతుంది. ఏ రెండు కార్డులూ ఒకలా ఉండవు కాబట్టి పక్కవాడి కార్డు చూసి అలాగే తిప్పుదామంటే కుదరదు.

మామూలు సెట్టులో 40 కార్డులు వస్తాయి, ఏ4 కాగితానికి రెండు చొప్పున 20 కాగితాలు చాలు. పిల్లలు ఎక్కువైతే 63 కార్డుల సెట్టు ఉంది. కాస్త మందపాటి కాగితం మీద ప్రింట్ తీయించండి. లామినేషన్ చేయించాలంటే మెరుపు లేని రకమే అడగండి. మెరిసే లామినేషన్ మీద కిటికీ వెలుతురు పడితే కెమెరాకు నలుపు గడులు కనపడవు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న వరస కార్డులు చదవకపోవడానికీ కారణం వెలుతురే, ఆ పక్క తలుపు వేస్తే సరిపోతుంది. కార్డును అంచుల దగ్గరే పట్టుకోవాలని మొదటి రోజే నేర్పాలి, నలుపు మీద బొటనవేలు పడితే ఆ జవాబు రాదు. రోల్ నంబరే కార్డు నంబరుగా పెట్టుకుంటే హాజరు కూడా అందులోనే తేలిపోతుంది. రాని పిల్లాడి కార్డును ఇంకొకడికి ఇవ్వకండి, రిపోర్టు మొత్తం తారుమారవుతుంది.

నెట్ అసలు రాని లంక గ్రామాల బడికి ఇవేవీ వద్దు, పలకలు చాలు. "ఒకటి, రెండు, మూడు" అనగానే అందరూ ఒకేసారి పలక ఎత్తి అక్షరం చూపిస్తారు, బోర్డు మీద మీరు లెక్క రాసుకుంటారు. పేరుపేరునా రికార్డు ఉండదన్న మాటే గానీ, పాఠం ఎక్కడ తెగిందో అప్పటికప్పుడు తెలిసిపోతుంది.

అందరి చేతిలో ట్యాబ్ ఉన్నచోట

కహూట్ పేరు ముందు వినిపిస్తుంది. హుషారు పుట్టించడంలో దానికి సాటి లేదు. చిక్కు మార్కుల దగ్గర వస్తుంది. మామూలు సెట్టింగులో ఒక ప్రశ్నకు గరిష్ఠంగా 1000 పాయింట్లు. సరైన జవాబే అయినా గడువు చివరి క్షణంలో నొక్కితే దక్కేది సగమే. వైఫై మెల్లగా అందే చివరి బెంచీ పిల్లలు ఆ లెక్కన అన్యాయంగా వెనకబడతారు, ఆలోచించి జవాబిచ్చేవాళ్ళూ అంతే. సమయాన్ని 5 సెకన్ల నుంచి 4 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. లెక్కల ప్రశ్నకు 90 సెకన్లకు తగ్గించకండి.

తెలుగులో ప్రశ్నలు రాసేవాళ్ళకు అక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. ప్రశ్నకు 120, జవాబుకు 75 అక్షరాలే పరిమితి. మన గుణింతాలు, ఒత్తులు ఒక్కొక్కటీ విడిగా లెక్కకొస్తాయి: "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే ఆరు ఖర్చు. మన పాఠ్యపుస్తకాల్లోలా ప్రశ్నను తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఇవ్వాలంటే అందులో పట్టదు. ఒక్క లైను ప్రశ్నలకు, యూనిట్ అయ్యాక సరదా పోటీకి కహూట్ వాడుకోండి. అంతకు మించి దాని మీద భారం వేయకండి.

క్విజిజ్‌లో (2025లో పేరు వేగ్రౌండ్‌గా మారింది) ఎవరి వేగంతో వాళ్ళు వెళ్తారు, ప్రశ్న ఎవరి తెర మీద వాళ్ళకే వస్తుంది. నెట్ కాసేపు తడబడినా తరగతి మొత్తం ఆగదు. పునశ్చరణకు పెట్టేటప్పుడు సెట్టింగ్స్‌లో టైమరు, పవర్-అప్‌లు (ఆటలో అదనపు బలాలు), మీమ్‌లు ఆపేయండి, లేకపోతే పిల్లలు ప్రశ్న చదవకుండా వాటి కోసమే నొక్కుతారు. ఇతరులు చేసిపెట్టిన క్విజ్‌లు అందులో కుప్పలుగా దొరుకుతాయి. తీసుకోండి, కానీ ఆన్సర్ కీని వరసగా చదవకుండా తరగతికి ఇవ్వకండి. తప్పు కీలు తక్కువేం కాదు, సిలబస్ వేరేదై ఉండే అవకాశమూ ఎక్కువే.

ఇంటికిచ్చే క్విజ్: గూగుల్ ఫారమ్స్

ఇంట్లో ఫోను ఉన్నా, అది రాత్రి నాన్న చేపల చెరువు దగ్గర నుంచో పొలం నుంచో వచ్చాకే పిల్లల చేతికి వస్తుంది. అందుకని గడువు ఒక్క సాయంత్రం పెట్టకండి. శుక్రవారం సాయంత్రం లింకు పంపి ఆదివారం రాత్రి దాకా తెరిచి ఉంచండి. చిన్న తెర మీద, తక్కువ డేటాతో, కొత్త యాప్ ఏదీ వేసుకోకుండా తెరుచుకునేది ఫారమ్సే.

చేసే తీరు ఇది. సెట్టింగ్స్‌లో "మేక్ దిస్ ఎ క్విజ్" ఆన్ చేయండి. మొదటి ప్రశ్నగా రోల్ నంబరును డ్రాప్‌డౌన్‌లో, అంటే జాబితాలోంచి ఎంచుకునేలా, పెట్టండి. టైపు చేయమంటే "12", "12 ఎ", "రోల్ 12" అని తలో తీరుగా వచ్చి షీటులో కలపలేక తల పట్టుకోవాలి. "ఒక్క జవాబే" అన్న నిబంధన పెడితే గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి. ఒకే ఫోను మీద ఒకే తరగతి పిల్లలు ఇద్దరుంటే రెండోవాడు ఆగిపోతాడు. పునశ్చరణకు ఆ నిబంధన అక్కర్లేదు.

ప్రశ్నలన్నీ బహుళైచ్ఛికంగానే ఇవ్వండి. షార్ట్ ఆన్సర్‌లో ఫారమ్స్ మీరిచ్చిన అక్షరాలతోనే పోల్చి చూస్తుంది. తెలుగులో ఒక దీర్ఘం తేడా వచ్చినా తప్పే. చెక్‌బాక్సుల ప్రశ్నలో మూడింటికి రెండు సరిగ్గా పెట్టినా సున్నాయే, సగం మార్కు దానంతట అది ఇవ్వదు. జవాబుల వరస కలిపే సౌకర్యం ఆన్ చేస్తే "పైవన్నీ" అన్న ఆప్షన్ మొదటికి వచ్చి కూర్చోవచ్చు, కాబట్టి దాన్ని వాడకండి.

ఫలితాలు వెంటనే చూపాలా, తర్వాతా అన్నది చాలామంది తర్జనభర్జన పడే చోటు. వెంటనే చూపితే జవాబులు వాట్సాప్ గ్రూపులో తిరుగుతాయి, నిజమే. అయినా పునశ్చరణ క్విజ్‌కు వెంటనే చూపడమే మేలు. తప్పు చేసిన నిమిషంలో కారణం చదివితే బుర్రకెక్కుతుంది, మూడు రోజుల తర్వాత ఎవడూ చదవడు. ఆ మార్కులను ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) రికార్డులో కలపనని ముందే చెప్పేస్తే కాపీ కొట్టాల్సిన అవసరమూ తగ్గుతుంది.

పాత ప్రశ్నపత్రాల నుంచి కాపీ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. అను ఫాంట్లలో డీటీపీ చేసినది నేరుగా అతికిస్తే పిచ్చిగీతలే వస్తాయి, అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. కన్వర్టర్‌లో మార్చి, ఒత్తులు ఒక్కసారి కళ్ళతో సరిచూసుకుని అప్పుడు పెట్టండి. పుస్తకం పేజీ ఫొటో పెట్టాలంటే కావలసిన బొమ్మ వరకే కత్తిరించి సైజు తగ్గించండి.

తప్పు జవాబులు కట్టడమే అసలు పని

"ధవళేశ్వరం ఆనకట్ట ఏ సంవత్సరంలో పూర్తయింది?" అని అడిగి 1852 అన్న జవాబు రాబడితే, గుర్తుందా లేదా అన్నది తేలుతుంది, ఇంకేమీ తేలదు. లెక్కల నుంచి ఈ ప్రశ్న చూడండి:

అంబాజీపేటలో ఒక లోడు కొబ్బరికాయల ధర ₹10,000. పండగ ముందు ధర 20% పెరిగింది, పండగయ్యాక 20% తగ్గింది. ఇప్పుడు ధర ఎంత?
ఎ) ₹10,000  బి) ₹9,600  సి) ₹8,000  డి) ₹14,000

సరైనది బి: 12,000లో 20% అంటే 2,400 తగ్గింది. ఎ ఎంచుకున్నవాడు పెరిగిన 20 శాతాన్నీ తగ్గిన 20 శాతాన్నీ కొట్టేశాడు, అంటే శాతం దేని మీద లెక్కించాలో తెలియదు. సి పెట్టినవాడు పెరిగిన సంగతి వదిలేసి రెండో సగమే చేశాడు. డి అయితే "తగ్గింది" అన్న మాట చదవకుండానే రెండు ఇరవైలూ కలిపాడు. ముగ్గురికీ చెప్పాల్సినవి మూడు వేరు వేరు మాటలు. ఆప్షన్లలో ఊరికే ₹9,999, ₹7,350 లాంటి అంకెలు నింపితే ఈ భేదం రిపోర్టులో కనపడేది కాదు.

ఫారమ్స్‌లో "యాడ్ ఆన్సర్ ఫీడ్‌బ్యాక్" దగ్గర తప్పు జవాబులన్నిటికీ కలిపి ఒక్క వ్యాఖ్యే రాయగలం. కాబట్టి అందరికన్నా ఎక్కువమంది చేసే తప్పునే పట్టుకుని రాయండి: "తగ్గిన 20 శాతం పాత ధర మీదా, పెరిగిన ధర మీదా? ₹12,000తో మళ్ళీ చేసి చూడు." "తప్పు, మళ్ళీ చదువు" అని రాయడం కన్నా ఏమీ రాయకపోవడమే నయం. ఆప్షన్‌కొక వివరణ కావాలంటే జవాబును బట్టి వేరే సెక్షన్‌కు పంపే ఏర్పాటు ఉంది, కానీ ఆ శ్రమ ఒకటి రెండు కీలక ప్రశ్నలకు మించి పెట్టుకోకండి.

రిపోర్టు చూశాక

మార్కుల వరస కన్నా ముందు ప్రశ్నల వరస చూడండి. ఫారమ్స్‌లో రెస్పాన్సెస్ సమ్మరీ కింద ఎక్కువమంది తప్పిన ప్రశ్నలు విడిగా కనిపిస్తాయి. నాలుగు ఆప్షన్ల ప్రశ్నకు కళ్ళు మూసుకుని నొక్కినా 25 శాతం సరైనవే వస్తాయి కాబట్టి, 30 శాతం లోపు వచ్చిందంటే పాఠం అసలు అందలేదని అర్థం, మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. 30కీ 70కీ మధ్య ఉంటే మీరు వివరించకండి. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది: సరైన జవాబు చెప్పకుండా, వేరే జవాబు పెట్టిన పక్కవాడితో రెండు నిమిషాలు వాదించుకోమని చెప్పి, మళ్ళీ కార్డులు ఎత్తించండి. మొదటిసారి వచ్చిన గ్రాఫు మాత్రం తెర మీద చూపించకండి, చూపిస్తే పిల్లలు ఎత్తుగా ఉన్న కడ్డీ వైపు మొగ్గుతారు. 70 దాటితే తప్పు పెట్టిన కొద్దిమందిని భోజనం గంటలోనో సాయంత్రమో విడిగా పిలిచి చూసుకుని, ముందుకెళ్ళండి.

పది నిమిషాల క్విజ్‌కు ఐదు నుంచి ఏడు ప్రశ్నలు చాలు. వాటిలో రెండు పోయిన వారం పాఠం నుంచి, ఒకటి పోయిన నెల పాఠం నుంచి ఉండాలి. మూడూ కొత్త అంకెలతో రాయండి, లేకపోతే గుర్తున్నది లెక్క కాదు, జవాబు అక్షరం.

పిల్లల వివరాల సంగతి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్ళు నిండనివారంతా పిల్లలే. పూర్తి పేరు, ఫోను నంబరు, ఫొటో ఏ యాప్‌లోనూ ఎక్కించకండి, రోల్ నంబరు సరిపోతుంది. రోల్ నంబర్లకు పేర్లు జతచేసిన జాబితా మీ నోటుబుక్కులోనే ఉండనివ్వండి. ఉచిత ఖాతాల్లో ప్రశ్నల పరిమితి, రిపోర్టు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది కంపెనీలు మారుస్తూ ఉంటాయి. అందుకే ప్రతి యూనిట్ అయ్యాక రిపోర్టు షీటు దించుకుని, ప్రశ్నలను విడిగా ఒక వర్డ్ ఫైల్లో దాచుకోండి. రేపు యాప్ మారినా ఆ ప్రశ్నలు మళ్ళీ టైపు చేసే పని ఉండదు.