సెప్టెంబరులో మేజర్ లీగ్ పిలుపు ఎవరికొస్తుంది? ముందే అంచనా వేయడం ఎలా?

2023 వేసవిలో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళినవాళ్ళు ఇవాన్ కార్టర్ అనే 20 ఏళ్ళ అవుట్‌ఫీల్డర్‌ని (మైదానం వెనక భాగంలో ఫీల్డింగ్ చేసేవాణ్ణి) చూసే ఉంటారు. ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వేసవి సాయంత్రాల్లో పిల్లల్ని తీసుకుని రైడర్స్ ఫీల్డ్‌కి వెళ్ళడం అక్కడ మామూలే. అది టెక్సస్ రేంజర్స్ వాళ్ళ డబుల్-ఏ జట్టు, అంటే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద. ఆ కుర్రాడు సెప్టెంబరు 8న రేంజర్స్ తరఫున మేజర్ లీగ్‌లో ఆడాడు. నవంబరు 1న వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచిన జట్టులో ఉన్నాడు.

ఇలాంటి పిలుపుని ముందే పసిగట్టవచ్చా? చాలావరకు పసిగట్టవచ్చు. అయితే అందరూ ఒకచోటే తప్పు చేస్తారు. ప్రాస్పెక్టుల (మేజర్ లీగ్‌కి ఎదుగుతారనుకునే కుర్రాళ్ళ) ర్యాంకింగ్ తీసి పైనుంచి పేర్లు చదువుకుంటూ వస్తారు. నేనూ మొదట్లో అలాగే చేశాను, రాసుకున్న పేర్లలో సగం కూడా నిజం కాలేదు. కార్టర్‌కి పిలుపు వచ్చింది అడోలిస్ గార్సియా మోకాలికి గాయమై అవుట్‌ఫీల్డ్‌లో చోటు ఖాళీ అయినప్పుడు. కార్టర్ ప్రతిభ అంతకు వారం ముందూ అంతే ఉంది. కాబట్టి ముందు ఖాళీ ఎక్కడుందో వెతకండి, ఆ తర్వాతే ఆటగాడి దగ్గరకు రండి. కింద చెప్పే వరస కూడా అదే.

1. తేదీలు రాసుకోండి

మేజర్ లీగ్ జట్టు మ్యాచ్ రోస్టర్‌లో (మ్యాచ్ ఆడటానికి అందుబాటులో ఉన్నవాళ్ళ జాబితాలో) మామూలుగా 26 మంది ఉంటారు. సెప్టెంబరు 1 నుంచి సీజన్ చివరిదాకా 28 మంది. 2019 వరకు ఈ నెలలో 40 మంది దాకా వాడుకోవచ్చు కాబట్టి పది మంది కుర్రాళ్ళు ఒకేసారి పైకి వచ్చేవాళ్ళు. ఆ రోజులు పోయాయి. పాత అనుభవంతో ఇప్పటికీ పొడుగు జాబితాలు రాసేవాళ్ళు కనిపిస్తారు, వాటిని పక్కన పెట్టండి. ఇప్పుడు జట్టుకు అదనంగా రెండే కుర్చీలు. పిచర్లు (బంతి విసిరేవాళ్ళు) 14 మందికి మించకూడదు, ఆగస్టులో ఆ పరిమితి 13. అందుకే ఆ రెండు కుర్చీల్లో ఒకటి పిచర్‌కి, ఒకటి బ్యాటర్‌కి పోవడం మామూలు. అవి కూడా కొత్తవాళ్ళకే దక్కుతాయని లేదు. ఇంతకుముందు పైన ఆడివచ్చిన రిలీఫ్ పిచరో (మ్యాచ్ మధ్యలో వచ్చి విసిరేవాడు), మూడో క్యాచరో (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) తన్నుకుపోవచ్చు.

సెప్టెంబరు 1 కాక ఇంకో మూడు తేదీలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి: జులై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో వచ్చే ట్రేడ్ గడువు (జట్లు ఆటగాళ్ళని మార్చుకోవడానికి చివరి రోజు), ఆగస్టు మధ్య, ఆగస్టు 31. ఎందుకో ముందుకెళ్ళేకొద్దీ తెలుస్తుంది.

2. 40 మంది జాబితా తెరవండి

ప్రతి జట్టుకీ 40 మంది రోస్టర్ అని ఒకటి ఉంటుంది. అందులో లేని ఆటగాణ్ణి పైకి పిలవాలంటే ముందు అందులో చేర్చాలి. అది నిండుగా ఉంటే ఎవరినో తీసేయాలి, అలా తీసేసినవాణ్ణి వేరే జట్టు ఎత్తుకుపోవచ్చు. కాబట్టి ఇప్పటికే 40లో ఉన్న కుర్రాడికి దారి సగం తెరుచుకున్నట్టే.

జాబితా ఎంఎల్‌బీ (మేజర్ లీగ్ బేస్‌బాల్) వెబ్‌సైట్‌లో ప్రతి జట్టు పేజీలోనూ ఉంటుంది. ఫ్యాన్‌గ్రాఫ్స్ వెబ్‌సైట్‌లోని రోస్టర్ రిసోర్స్ పేజీ ఇంకా వివరంగా చూపిస్తుంది. మొదట చూడాల్సింది 38 మందో 39 మందో ఉన్నారా, పూర్తిగా నిండిందా అన్నది. ఆ తర్వాత 60 రోజుల గాయాల జాబితా చూడండి. దానిలో ఉన్నవాళ్ళు 40లో లెక్కకు రారు. ఎవరైనా దానిలోకి వెళ్తే ఒక కుర్చీ ఖాళీ అవుతుంది, ఎవరైనా కోలుకుని వస్తే ఒక కుర్చీ పోతుంది.

ఇక్కడే రూల్ 5 డ్రాఫ్ట్ (వేరే జట్లు 40లో చేర్చని ఆటగాళ్ళని ఎంచుకునే ఏర్పాటు) సంగతి కూడా చూసుకోవాలి. 18 ఏళ్ళు లేదా అంతకన్నా చిన్న వయసులో సంతకం చేసిన ఆటగాణ్ణి అయిదు సీజన్లలోగా, 19 ఏళ్ళకో ఆ తర్వాతో చేసినవాణ్ణి నాలుగు సీజన్లలోగా 40లో చేర్చాలి. లేకపోతే డిసెంబరులో వేరే జట్టు లక్ష డాలర్లు కట్టి తీసుకోవచ్చు. ఆ డ్రాఫ్ట్‌కి ముందు నవంబరులో ఎలాగూ చేర్చక తప్పని కుర్రాణ్ణి సెప్టెంబరులోనే చేర్చి, నాలుగు వారాలు పైన ఆడించి చూడటం జట్టుకి పెద్ద భారం కాదు. నా లెక్కలో ఇది చాలా బలమైన సూచన. ర్యాంకింగ్‌లో 15వ స్థానంలో ఉన్నా, ఈ నవంబరులో చేర్చాల్సినవాడైతే నేను అతని పేరే ముందు రాస్తాను. నిరుడే కొత్తవాళ్ళ డ్రాఫ్ట్‌లో జట్టుకొచ్చిన మొదటి ర్యాంకు కుర్రాడి విషయంలో జట్టుకి ఆ తొందర ఉండదు.

పిచర్లకి ఇంకో చిన్న నియమం ఉంది. కిందికి పంపిన పిచర్ 15 రోజులు, బ్యాటర్ 10 రోజులు అక్కడే ఉండాలి. పైన ఎవరికైనా గాయమైతేనే అంతకుముందు రావచ్చు. ఆగస్టు 25న కిందికి వెళ్ళిన పిచర్‌ని సెప్టెంబరు 1 జాబితాలో రాసుకుంటే ఆ అంచనా మొదటే తప్పుతుంది.

3. జట్టు అవసరం చదవండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. జట్లని రెండు రకాలుగా చూడాలి: ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాత టైటిల్ కోసం జరిగే మ్యాచ్‌లు) కోసం పోరాడేవి, ఈ ఏడాది మీద ఆశ వదిలేసుకున్నవి. రెండూ ప్రాస్పెక్టుల్ని పిలుస్తాయి. కారణాలు మాత్రం పూర్తిగా వేరు.

ఆశ వదిలేసుకున్న జట్టుకి 2025 బాల్టిమోర్ ఓరియోల్స్ మంచి ఉదాహరణ. జులై చివర్లో సెడ్రిక్ ముల్లిన్స్‌ని మెట్స్‌కీ, ర్యాన్ ఓహెర్న్, రమోన్ లారియానోలని పాడ్రెస్‌కీ ఇచ్చేశారు. ఇద్దరు అవుట్‌ఫీల్డర్లు, ఒక ఫస్ట్ బేస్ బ్యాటర్ వెళ్ళిపోయారు. ఆ రాత్రే కూర్చుని ట్రిపుల్-ఏలో (మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద) ఆ స్థానాల్లో ఎవరున్నారో చూసినవాళ్ళకి రెండు పేర్లు కనిపించేవి: అవుట్‌ఫీల్డర్ డిలన్ బీవర్స్, క్యాచర్‌గానూ ఫస్ట్ బేస్‌లోనూ ఆడే శామ్యూల్ బసాయో. ఆగస్టు 16న బీవర్స్, 17న బసాయో వచ్చారు. ఆ వెంటనే బసాయోతో జట్టు ఎనిమిదేళ్ళకు 6.7 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ట్రేడ్ గడువు ముగిసిన రోజు చేసే ఈ పనికి అరగంట చాలు. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఎడమవైపు, ట్రిపుల్-ఏలో అదే స్థానంలో ఆడేవాళ్ళ పేర్లు కుడివైపు రాసుకోండి.

పోరాడే జట్టుకి కావాల్సింది భవిష్యత్తు గురించిన పరీక్ష కాదు, రేపటి మ్యాచ్‌లో ఒక పని చేసిపెట్టే మనిషి. ఎక్కువసార్లు అది గట్టిగా విసిరే పిచరే అవుతాడు. 2002లో ఏంజెల్స్ 20 ఏళ్ళ ఫ్రాన్సిస్కో రోడ్రిగెజ్‌ని సెప్టెంబరు మధ్యలో పిలిచారు. సీజన్‌లో విసిరింది ఆరు ఇన్నింగ్స్ (ఒక మ్యాచ్‌లో తొమ్మిది ఉంటాయి) కూడా లేదు, స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) మాత్రం 13. ప్లేఆఫ్స్‌లో అయిదు విజయాలు అతని ఖాతాలో పడ్డాయి, జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. 2008లో టాంపా బే డేవిడ్ ప్రైస్‌ని సెప్టెంబరులో తెచ్చుకుంది. ప్లేఆఫ్స్‌లో బోస్టన్‌తో ఏడో మ్యాచ్ చివరి నాలుగు అవుట్లు తీసింది అతనే. 2025లో టొరాంటో తరఫున ట్రే యెసావేజ్ సెప్టెంబరు 15న మొదటి మ్యాచ్ ఆడాడు. ఆ ఏడాది మొదలైనప్పుడు అతను సింగిల్-ఏలో ఉన్నాడు! రెగ్యులర్ సీజన్‌లో మూడు మ్యాచ్‌లు విసిరాడు, తర్వాత వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌ని మొదలుపెట్టాడు.

ఒక్కోసారి ఆ పని పరుగే అవుతుంది. 2013 సెప్టెంబరులో సిన్సినాటి పిలిచిన బిల్లీ హామిల్టన్ 13 మ్యాచ్‌ల్లో 13 బేస్‌లు దొంగిలించాడు (బ్యాటర్ బంతిని కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరాడు). అందుకే పోరాడే జట్టు విషయంలో ‘ఎవరు మంచి ఆటగాడు’ అని ఆలోచించకండి, ‘ఈ జట్టుకి చివరి మూడు ఇన్నింగ్స్‌లో ఏం లోటుంది’ అని ఆలోచించండి.

ఆగస్టు 31 ఇక్కడే పనికొస్తుంది. మామూలుగా ఆ రోజుకల్లా 40లోనో, 60 రోజుల గాయాల జాబితాలోనో ఉన్నవాళ్ళే ప్లేఆఫ్స్‌కి అర్హులు. అయితే ఆ రోజుకి సంస్థలోనే ఉండి 40లో లేనివాళ్ళకి గాయపడినవారి బదులుగా చోటు సంపాదించే వీలుంది. రోడ్రిగెజ్ ప్లేఆఫ్స్‌లోకి వచ్చింది ఆ దారిలోనే. కాబట్టి సెప్టెంబరు 1 దాటిపోయిందని ఎవరి పేరూ కొట్టేయకండి.

4. 45 రోజుల లెక్క వేయండి

130 అట్-బ్యాట్‌లు (బ్యాటింగ్ అవకాశాలు) గానీ, పిచర్‌గా 50 ఇన్నింగ్స్ గానీ, మ్యాచ్ రోస్టర్‌లో 45 రోజులు గానీ దాటితే ఆటగాడు రూకీ (కొత్త ఆటగాడి) హోదా కోల్పోతాడు. జట్లకీ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన 2022 ఒప్పందం తర్వాత ఈ హోదాకి విలువ పెరిగింది. పేరున్న టాప్ 100 జాబితాల్లో ఉన్న ప్రాస్పెక్ట్‌ని సీజన్ మొదటినుంచీ పైన ఆడించి, అతను రూకీ ఆఫ్ ది ఇయర్ గెలిస్తే జట్టుకి కొత్తవాళ్ళ డ్రాఫ్ట్‌లో అదనపు పిక్ (ఇంకో ఆటగాణ్ణి ఎంచుకునే హక్కు) దక్కుతుంది.

2022లో అరిజోనా కార్బిన్ క్యారల్‌ని ఆగస్టు 29న, బాల్టిమోర్ గన్నర్ హెండర్సన్‌ని ఆగస్టు 31న పిలిచాయి. క్యారల్ 104 అట్-బ్యాట్‌లు, హెండర్సన్ 116 ఆడి, ఇద్దరూ గీత దాటకుండా సీజన్ ముగించారు. 2023లో ఇద్దరూ తమ తమ లీగ్‌లో రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యారు, రెండు జట్లకీ పిక్‌లు వచ్చాయి.

మీరు చేయాల్సిందల్లా సీజన్ ఆఖరి రోజు నుంచి 45 రోజులు వెనక్కి లెక్కపెట్టడమే. 2025 సీజన్ సెప్టెంబరు 28న ముగిసింది, వెనక్కి లెక్కిస్తే ఆగస్టు 15. బీవర్స్, బసాయో వచ్చిన తేదీలు మళ్ళీ చూడండి. మెట్స్ పిచర్ నోలన్ మెక్‌లీన్ వచ్చింది కూడా ఆగస్టు 16నే. విసిరింది 48 ఇన్నింగ్స్, అంటే 50 లోపే. పెద్ద పేరున్న ప్రాస్పెక్ట్ ఆగస్టు మొదటివారంలో ఇంకా కిందే ఉంటే, ఆగస్టు మధ్య దాటాక అవకాశం ఒక్కసారిగా పెరుగుతుందని రాసుకోండి.

5. ఇప్పుడు ఆటగాడి అంకెలు చూడండి

జాబితా జట్టుకి ముగ్గురు నలుగురి దాకా తగ్గాకే ఇక్కడికి రండి. బ్యాటింగ్ యావరేజ్‌తో మొదలుపెట్టకండి. వయసుతో మొదలుపెట్టండి. 20 ఏళ్ళకే డబుల్-ఏలో నిలదొక్కుకున్న కుర్రాడి అంకెలూ, 26 ఏళ్ళకు ట్రిపుల్-ఏలో కొట్టేవాడి అంకెలూ ఒకటి కావు. తర్వాత స్ట్రైకౌట్లు, వాక్‌లు (నాలుగు తప్పు బంతులు వదిలేసి ఉచితంగా ఫస్ట్ బేస్ చేరడం). బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతి వందసార్లలో ముప్పైసార్లు స్ట్రైకౌట్ అవుతుంటే, హోమ్ రన్‌లు ఎన్నున్నా పోరాడే జట్టు భయపడుతుంది. ఆ వందలో వాక్‌లు పదికి పైనుంటే ఆ కుర్రాడు బంతిని చూడగలుగుతున్నాడని అర్థం.

మైదానాన్ని మరచిపోవద్దు. ట్రిపుల్-ఏ జట్టున్న అల్బుకర్కీ సముద్రమట్టానికి 5,000 అడుగుల పైన ఉంది, అక్కడి పలుచని గాలిలో బంతి దూరం పోతుంది. రీనో, సాల్ట్ లేక్ కూడా ఎత్తైన ఊళ్ళే. అలాంటి చోట కొట్టిన హోమ్ రన్‌లని సొంత మైదానం, బయటి మైదానం అని విడదీసి చూడాలి. ట్రిపుల్-ఏ మ్యాచ్‌ల్లో బంతి బ్యాట్‌ని ఎంత వేగంతో వదిలిందో బేస్‌బాల్ సావంట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మైదానం ఏదైనా ఆ అంకె మోసం చేయదు.

పిచర్లకైతే ఇంకోటి చూడాలి. నిరుడు మొత్తం ఎన్ని ఇన్నింగ్స్ విసిరాడు, ఈ ఏడాది ఇప్పటికి ఎన్ని? కుర్రాడి భుజం మీద ఒక్కసారిగా బరువు పెంచడానికి జట్లు ఇష్టపడవు. నిరుటి లెక్కని ఇప్పటికే బాగా దాటేసినవాణ్ణి ఎంత బాగా విసురుతున్నా విశ్రాంతికి పంపవచ్చు.

6. శాతాలు వేసి, తర్వాత సరిచూసుకోండి

‘వస్తాడు’, ‘రాడు’ అని రాయకండి. 70 శాతం, 40 శాతం, 10 శాతం అని రాయండి, పక్కన కారణం ఒక్క వాక్యంలో, తేదీతో సహా. అక్టోబరులో తీసి చూడండి. 70 అని రాసిన పదిమందిలో ఏడుగురు వచ్చారంటే మీ కొలత సరిగ్గా ఉంది. పదిమందీ వచ్చారంటే మీరు అవసరానికి మించి జాగ్రత్తపడుతున్నారు. ముగ్గురే వచ్చారంటే, చాలావరకు ఆటగాడి మీద ఇష్టంతో ఖాళీ సంగతి చూడకుండా రాశారని అర్థం.

7. ఆగస్టు చివరి వారంలో కళ్ళు తెరుచుకుని ఉండండి

కాగితం మీద లెక్కలు అయిపోయాక మైదానంలో సూచనలు మొదలవుతాయి. షార్ట్‌స్టాప్‌గా ఆడే కుర్రాడు ఉన్నట్టుండి సెకండ్ బేస్‌లో కనిపిస్తే, పైన సెకండ్ బేస్‌లో ఎవరున్నారో చూడండి. ఎప్పుడూ మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌ని ఏడో ఇన్నింగ్స్‌లో దింపితే, పైన రిలీఫ్ పాత్రకి సిద్ధం చేస్తున్నారేమో అనుకోవచ్చు. డబుల్-ఏ నుంచి ట్రిపుల్-ఏకి ఆగస్టు చివర్లో మార్చడం కూడా అలాంటిదే. కార్టర్ కూడా ఫ్రిస్కో నుంచి ట్రిపుల్-ఏ జట్టు రౌండ్ రాక్‌కి వెళ్ళి అక్కడ కొద్ది మ్యాచ్‌లే ఆడాడు. కానీ ట్రిపుల్-ఏ మెట్టు తప్పనిసరి అనుకోకండి. అదే 2023 సెప్టెంబరులో టాంపా బే జూనియర్ కమినేరోని డబుల్-ఏ మాంట్‌గమరీ నుంచి నేరుగా పైకి పిలిచింది.

ఈ పిలుపు ఆ కుర్రాళ్ళకి ఎంత పెద్దదో గుర్తుంటే ఈ వారం చూడటంలో ఉన్న టెన్షన్ మనకూ తెలుస్తుంది. 2025లో మేజర్ లీగ్ కనీస జీతం 7,60,000 డాలర్లు, అంటే రోజుకు నాలుగు వేల డాలర్ల పైమాటే. కింది లీగ్‌ల ఆటగాళ్ళతో కుదిరిన 2023 ఒప్పందం ట్రిపుల్-ఏకి పెట్టిన కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు.

చివరి రెండు మూడు రాత్రులు ట్రిపుల్-ఏ మ్యాచ్ ప్రసారం పెట్టుకుని డగౌట్ (జట్టు కూర్చునే చోటు) వైపు చూస్తూ ఉండండి. గాయమేమీ లేకుండా నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక ఆటగాణ్ణి బయటికి పిలిచారనుకోండి. మేనేజర్ అతని చెవిలో ఏదో చెప్తాడు, తోటివాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి కౌగిలించుకుంటారు. వెంటనే మీ నోట్‌బుక్ తీసి ఆ పేరు పక్కన ఎంత శాతం రాశారో చూసుకోండి.