బోటు లైసెన్స్ రెన్యువల్: ఫీజు మీద ఎంత కోపమున్నా ముందు కాగితం బతికించుకోండి

ఏటా వేట నిషేధం దగ్గరపడే వేళకి నా షాపులో ఒకటే మాట. "ఏటి బాబూ, ఈసారి లైసెన్స్ ఫీజు పెంచేత్తారట కదా?" నాది విశాఖపట్నం వన్‌టౌన్‌లో, ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లే దారిలో చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. మాది జాలరి కుటుంబం, నాన్న మరబోటు నడిపే సరంగు. నేను వేటకు వెళ్లేవాణ్ని కాదు గానీ, వెళ్లేవాళ్ల కాగితాలు చాలావరకు నా చేతుల మీదుగానే పోతాయి. పెంచుతారో లేదో నేను చెప్పలేను. పెంచినా పెంచకపోయినా లైసెన్స్ ఎలా నిలుపుకోవాలో, ఫీజు మీద కోపముంటే అది ఎక్కడ ఎలా చూపించాలో మాత్రం చెప్పగలను.

ముందు ఒక తేడా తెలుసుకోండి. చాలామంది రిజిస్ట్రేషన్, లైసెన్స్ రెండూ ఒకటే అనుకుంటారు. రిజిస్ట్రేషన్ అంటే బోటు ఎవరిది, ఏ రకం, ఎంత పొడవు అని చెప్పేది. అది కేంద్రం తెచ్చిన మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద వస్తుంది. బోటు పక్కన ఐఎన్‌డీ, ఏపీ, వీ5 అని పెయింటుతో రాసే నంబరు అదే. మరబోటుకైతే, అంటే పెద్ద బోటుకైతే అందులో ఎంఎం అని, ఇంజన్ బిగించిన ఫైబర్ బోటుకైతే (మేం ఇంజన్ బోటు అంటాం) ఎంఓ అని ఉంటుంది. లైసెన్స్ అంటే ఆ బోటుతో మన రాష్ట్ర సముద్రంలో చేపలు పట్టడానికి అనుమతి. అది 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఇస్తారు. రిజిస్ట్రేషన్ ఉంది కదా అని లైసెన్స్ గడువు దాటించేస్తే బోటు మీదే, వేట మాత్రం చట్టవిరుద్ధం. రెండు దరఖాస్తులూ ఇప్పుడు రియల్‌క్రాఫ్ట్ అనే ఒకే పోర్టల్లో పెట్టాలి.

ఇక ఫీజు. నా షాపు బెంచీ మీద వినే మాటల్లో మనిషికో లెక్క ఉంటుంది. సోనా బోటు అనే పెద్ద మరబోటు ఓనరుకి ఫీజు అసలు పట్టదు. ఆయన బాధంతా డీజిలు, ఐసు, దొరకని కళాసీలు, అంటే బోటులో పనిచేసేవాళ్లు. ఫైబర్ బోటు మీద తెల్లవారుజామున వెళ్లి పొద్దున్నే వచ్చేసేవాడికి మంట ఎక్కువ. "నాకు కోనాం చేప ఒకటి పడితే పండగ, పెద్ద బోటోడికీ నాకూ పెంచుడు ఒకేలాగ ఏటి?" అంటాడు. తెప్ప మీద వెళ్లే మా పెదనాన్న వరసాయన అయితే "సముద్రానికి ఫీజేటిరా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. వీళ్లందరి కంటే నాకు న్యాయంగా అనిపించేది ఒక సరంగు మాట. వాటాల మీద నడిచే బోటులో ముందు ఖర్చులు తీసేసి, మిగిలింది పంచుకుంటారు. లైసెన్స్ ఫీజు కూడా ఆ ఖర్చుల్లోనే పడుతుంది. అంటే కట్టేది ఓనరు పేరు మీద, మోసేది కళాసీ కూడా. ఫీజు గురించి మీటింగు పెడితే ఓనర్లనే పిలుస్తారని ఆయన కోపం.

ఆ కోపంతో రెన్యువల్ మానేద్దామనుకునేవాళ్లకి నేను కాలిక్యులేటర్ తిప్పి చూపిస్తాను. మన రాష్ట్రంలో వేట బోట్లకి డీజిలు మీద లీటరుకి 9 రూపాయల సబ్సిడీ. మరబోటుకి నెలకి 3,000 లీటర్ల వరకు, ఇంజన్ బోటుకి 300 లీటర్ల వరకు. పూర్తిగా వాడుకుంటే మరబోటుకి నెలకి 27,000, ఇంజన్ బోటుకి 2,700. వేట నడిచే పది నెలలకి పెద్ద బోటు ఓనరు 2,70,000 రూపాయల దాకా లెక్క వేసుకోవచ్చు. వేట నిషేధ కాలంలో ఇచ్చే సాయం 2025లో కుటుంబానికి 20,000 అయింది. మీ బోటు మీద ఆరుగురు కళాసీలుంటే అది 1,20,000. ఆ సాయం అందేవాళ్ల జాబితా రాసేటప్పుడు ముందు చూసేది బోటు నంబరే. ఓనరు కాగితం చెల్లకపోతే కళాసీ ఇంట్లో పొయ్యి మీద దెబ్బ పడుతుంది. ఫీజు పెరిగిందన్న పౌరుషం ఈ లెక్క ముందు ఎంతసేపు నిలుస్తుందో మీరే చూసుకోండి.

రెన్యువల్‌కి మంచి సమయం నిషేధ కాలమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు, ఇంజన్ బోట్లు జెట్టీ దాటకూడదు. అధికారులు వచ్చి బోటు కళ్లతో చూడాలంటే అది ఒడ్డున ఉండాలి కదా. జూన్ 10న పరుగెత్తుకొచ్చి "బాబూ, పద్నాలుగు రాత్రికి ఐసు ఎక్కించేస్తన్నాం" అంటే నేనేం చేయను? మే నెలలో రండి. అప్పుడు బోటు స్లిప్‌వే మీద పెయింటుకి, రిపేరుకి ఎలాగూ ఎక్కి ఉంటుంది. నంబరు కొత్తగా రాయించి, ఆ తర్వాతే ఫొటో తీయండి. పాత పెయింటులో సగం చెరిగిన అంకెతో ఫొటో పెడితే తిరిగొస్తుంది.

పోర్టల్లో కూర్చునే ముందు ఇవి చేతిలో ఉండాలి: పాత రిజిస్ట్రేషన్, పాత లైసెన్స్, బోటు కట్టిన లేదా కొన్న కాగితం, ఇంజన్ బిల్లు, ఓనరు ఆధార్, బ్యాంకు పుస్తకం, బీమా ఉంటే పాలసీ, బోటు ఫొటోలు. ఓటీపీ వచ్చే ఫోను కూడా వెంట తెచ్చుకోండి. ఫోను పిల్లాడి దగ్గర ఉందని, వాడు కాలేజీలో ఉన్నాడని ఇక్కడ గంటలు గంటలు కూర్చునేవాళ్లు ఉన్నారు.

పనంతా ఆగేది పేర్ల దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఒక అక్షరం, రిజిస్ట్రేషన్‌లో అసలు ఇంటిపేరే లేకుండా ఉంటుంది. మన పేటల్లో ఒకే ఇంటిపేరుతో, ఒకే తాత పేరుతో నలుగురైదుగురు ఉంటారు కాబట్టి తండ్రి పేరు కూడా సరిచూసుకోండి. ముందు ఆధార్, బ్యాంకు ఒకలా చేయించి, తర్వాతే బోటు కాగితానికి రండి. దీన్ని తిరగేసి చేస్తే రెండుసార్లు ఫీజు, రెండుసార్లు తిరుగుడు.

రెండో చిక్కు సెకండ్ హ్యాండ్ బోటు. కాకినాడ నుంచి కొన్నారో, భీమిలి బావమరిది దగ్గర తీసుకున్నారో, నోటిమాట మీద డబ్బిచ్చేసి బోటు తెచ్చేసుకుంటారు. కాగితంలో పాత ఓనరే ఉంటాడు. సబ్సిడీ ఆయన ఖాతాలో పడుతుంటే "బావా, నా డబ్బులు" అని ఎంతకాలం అడుగుతారు? సంతకాలు డబ్బు చేతులు మారిన రోజే చేయించండి. అడ్వాన్సులో కొంత ఆపుకొని, పేరు మారాక ఇస్తాననండి. బంధువైనా సరే, ముఖ్యంగా బంధువైతేనే. ఓనరు చనిపోయిన బోటుకి వారసుల సర్టిఫికెట్ కావాలి, దానికి అన్నదమ్ములందరూ ఒప్పుకోవాలి. అది నా షాపులో తేలే పని కాదు.

2023 నవంబరు 19 రాత్రి మన హార్బర్‌లో మంటలు లేచి దాదాపు 40 బోట్లు కాలిపోయిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. బోటు విలువలో 80 శాతం ప్రభుత్వం ఇస్తామంది. ఆ రాత్రి చాలా బోట్లకి బీమా లేదని కూడా ఊరందరికీ తెలిసింది. బూడిద ముందు నిలబడి ఇది నా బోటే అని చూపించాలంటే రిజిస్ట్రేషన్ కాగితం తప్ప ఇంకేముంటుంది? ఒరిజినల్ కాగితాలు బోటు క్యాబిన్‌లో పెట్టే అలవాటు మానండి. బోటులో లామినేషన్ చేసిన కాపీ చాలు, ఒరిజినల్ ఇంట్లో బీరువాలో ఉండాలి.

చేతికి లైసెన్స్ వచ్చాక దాని హద్దులు కూడా చదువుకోండి. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు చిన్న పడవల వాళ్లది, మరబోట్లు అక్కడ వల వేయకూడదు. 2022 జనవరిలో చేపల గుంపుని చుట్టేసి పట్టే రింగు వలల మీద పెద జాలరిపేట, వాసవానిపాలెం మధ్య గొడవ బోట్లు తగలబడేదాకా వెళ్లింది కదా, అప్పుడు కూడా మాటంతా వల కన్ను ఎంత, ఒడ్డుకి ఎంత దూరం అనే దాని చుట్టూనే తిరిగింది. తీరజలాలు దాటి లోతుకి వెళ్లే మరబోట్లకి 2025 నవంబరులో వచ్చిన కేంద్రం నిబంధనల ప్రకారం యాక్సెస్ పాస్ అనే అనుమతి కూడా కావాలి. అదీ రియల్‌క్రాఫ్ట్‌లోనే, దానికి ఫీజు లేదు. దానికి డబ్బు అడిగిన బ్రోకరుకి టీ కూడా ఇప్పించకండి. బోటు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా తెలిపే, ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు కూడా పథకం కింద ఉచితమే.

ఇప్పుడు ఫీజు మీద కోపం సంగతి. మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ జింకల వేటకీ, చేపల వేటకీ ఏటా లైసెన్స్ కొనాలి, ఆగస్టు 31కి గడువు అయిపోతుంది. ఫీజు పెంచుతామంటే అక్కడి వేటగాళ్లూ సణుగుతారట. బయట రాష్ట్రం వాడి దగ్గర చాలా రెట్లు ఎక్కువ వసూలు చేస్తారని ఇంకా మంట. కానీ వాళ్లకి ఒక ధీమా ఉంది. తుపాకులు, తూటాల మీద అక్కడి కేంద్ర ప్రభుత్వం వేసే పన్నులో రాష్ట్రాలకి వాటా పంచే చట్టం 1937లో వచ్చింది. వేట లైసెన్స్ డబ్బుని రాష్ట్రం వన్యప్రాణి శాఖ పనులకి కాకుండా ఇంకోదానికి మళ్లిస్తే ఆ వాటా పోతుంది. చేపల విషయంలో అలాంటి చట్టమే 1950లో తెచ్చారు. పైగా ఎంతమంది లైసెన్స్ తీసుకున్నారనే లెక్క కూడా ఆ వాటాని తేలుస్తుంది. అందుకని ఫీజు ఇచ్చేవాడు ఎక్కడికెళ్తోందని అడిగితే చూపించడానికి ఒక జవాబు ఉంటుంది.

మనం అడగాల్సింది అదే. "ఫీజు తగ్గించాలి" అని ఒక్క లైను రాసిన అర్జీలు నేను బోలెడు టైపు చేశాను. వాటికి వచ్చే జవాబు కూడా ఒక్క లైనే. దాని బదులు ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయి ఆఫీసుకి 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో కోపం రాయకండి, ప్రశ్నలే రాయండి. గడిచిన 5 సంవత్సరాల్లో ఏ ఏ రకం బోటు నుంచి లైసెన్స్ ఫీజు కింద ఎంత వచ్చింది? అది ఏ ఖాతాకి వెళ్లింది? అదే కాలంలో జెట్టీ లైట్లు, అగ్నిమాపక సామాను, మంచినీళ్లు, మరుగుదొడ్ల మీద ఎంత ఖర్చయింది? ఫీజు పెంచే ప్రతిపాదన ఉంటే దాని కాపీ ఇవ్వండి. ఇన్ని చాలు.

జవాబు చేతికొచ్చాక అర్జీ రాయండి. చిన్న బోటుకీ పెద్ద బోటుకీ వేరువేరు శాతం అడగండి, నిషేధం రెండు నెలలూ లెక్కలోంచి తీసేయమనండి, ఒకేసారి కాకుండా రెండు విడతల్లో కట్టే వెసులుబాటు అడగండి. ఓనర్ల సంతకాల కిందే సరంగులవీ కళాసీలవీ పెట్టించండి, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. పదిమంది వెళ్లండి, మాట్లాడేది ఒక్కరే ఉండాలి, అది కూడా సరంగు అయితే మేలు. ఆర్టీఐ జవాబు జిరాక్స్ అర్జీకి పిన్ను కొట్టండి. అర్జీ నంబరున్న రసీదు తీసుకుని, బయటికి రాగానే ఫోనులో ఫొటో తీసి సంఘం గ్రూపులో పెట్టేయండి. నా దగ్గరికి మళ్లీ వచ్చినప్పుడు నేను ముందు అడిగేది ఆ నంబరే.